గేటు దగ్గరి సారు గురించి పిల్లలేమంటున్నారు?

ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా ఉదయం ప్రార్థన గంట మోగిన తర్వాత ఏ ఉన్నత పాఠశాలకు వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు గేటు దగ్గర వరుసగా నిలబడి ఉంటారు. వారి ఎదుట మెడలో ఈలతో ఒక ఉపాధ్యాయుడు ఉంటారు. చాలా బడుల్లో క్రమశిక్షణ బాధ్యత వ్యాయామోపాధ్యాయునిదే. పాఠం చెప్పిన సార్ల కన్నా ఈయనే పిల్లలకు ఎక్కువకాలం గుర్తుండిపోతారు.

రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లలు ఈ సారు గురించి చెప్పే మాటలను ఓపికగా వినండి. ఆయన కఠినంగా ఉంటారని మాత్రమే వారు బాధపడరు. అల్లరి మూకను అదుపు చేసినందుకు, బడి దారిలో ఆకతాయిలను తరిమినందుకు ఆడపిల్లలు ఆయనను మనసారా మెచ్చుకుంటారు కూడా. కారణం అడగకుండా శిక్షించడం, అందరి ముందూ అవమానించడం, ఒకరికొక నీతి, మరొకరికొక నీతి పాటించడం మాత్రం వారి మనసులో ముల్లులా నాటుకుంటాయి.

కారణం అడగడం మన ప్రాంతంలో మరీ అవసరం. పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి వెళ్తాయి. వెంట వెళ్ళిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి పాఠాలు చాలా దూరం సాగిపోయి ఉంటాయి. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంటి బిడ్డ కండెలు చుట్టి బడికి బయలుదేరవచ్చు. ఆదోనిలో తల్లి జిన్నింగు మిల్లుకు వెళ్తే చిన్నవాళ్ళను చూసుకునే అక్కకు ఆలస్యం కావచ్చు. అలాంటి బిడ్డను రోజూ ఎండలో నిలబెడితే, అసలు వెళ్ళకపోవడమే మేలనుకుంటుంది. చదువు అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది.

హజ్రత్ అనస్ (ర) బాల్యంలోనే దైవప్రవక్త (స) సేవలో చేరి పదేళ్ళు గడిపారు. ఆ పదేళ్ళలో ప్రవక్త (స) తనను ఒక్కసారైనా విసుక్కోలేదని ఆయన ఇచ్చిన సాక్ష్యం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉంది. తనను పెంచిన పెద్ద గురించి ఒక బాలుడు మనసులో దాచుకున్న అభిప్రాయమే ఉమ్మత్‌కు పాఠమయింది. ప్రవక్త (స) కఠిన హృదయులై ఉంటే జనం ఆయన చుట్టూ నుంచి చెదిరిపోయేవారని ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ హెచ్చరిస్తున్నది. కాఠిన్యంలో పెరిగిన విద్యార్థి శిక్ష తప్పించుకోవడానికి అబద్ధాన్ని, కపటాన్ని అలవరచుకుంటాడని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్నె ఖల్దూన్ ‘ముఖద్దిమా’లో వివరించారు.

మన దేశ చట్టం కూడా ఇదే మాట చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. పిల్లల మాటను వినిపించవలసిన చోటు అదే.

పూర్వం మన పెద్దలు బిడ్డను ఉస్తాదుకు అప్పగిస్తూ “మాంసం మీది, ఎముకలు మావి” అనేవారు. ఆ మాటను ఇక విడిచిపెడదాం. అలాగని బిడ్డ ఎదుట సారును తూలనాడడమూ తగదు; గురువు గౌరవం పోతే చదువూ పోతుంది. బిడ్డ చెప్పినది పూర్తిగా విని, సారును ఒంటరిగా కలిసి ఇంటి పరిస్థితి మర్యాదగా వివరించండి. సుగ్గికి వెళ్ళే ముందు ప్రధానోపాధ్యాయునికి తెలియజేసి, సీజనల్ హాస్టల్లో బిడ్డను ఉంచే వీలుందేమో అడగండి.

గేటు దగ్గర “ఎందుకు ఆలస్యమయింది బిడ్డా?” అని అడిగే సారును పిల్లలు జీవితాంతం మరచిపోరు. అల్లాహ్ మన బిడ్డలకు వినయాన్ని, వారి గురువులకు న్యాయబుద్ధిని, మనకు వినే ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.