చేప రక్తానికి కాపలా మొప్పలు

మనం పరుగెత్తి ఆగితే రొప్పుతాం. రక్తంలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్, దానివల్ల వచ్చే ఆమ్లత అలా తగ్గుతాయి. చేపకు ఈ దారి అంతగా పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ మొప్పల నుంచి ఎప్పటికప్పుడు నీటిలో కలిసిపోతూనే ఉంటుంది.

మంచినీటి చేపకు ఇంకో చిక్కు ఉంది. ఒంట్లోని ఉప్పు నీటిలోకి జారిపోతుంటుంది. మొప్పల్లోని కణాలు రెండింటినీ కలిపి చక్కదిద్దుతాయి. రక్తంలో ఆమ్లం పెరిగితే హైడ్రోజన్ అయాన్లను బయటికి పంపి సోడియంను తీసుకుంటాయి. క్షారం పెరిగితే బైకార్బొనేట్‌ను పంపి క్లోరైడ్‌ను తీసుకుంటాయి.

నీరే బాగా ఆమ్లమైతే ఈ మార్పిడి దెబ్బతిని, ఉప్పు కోల్పోయి చేప చనిపోతుంది. అందుకే అలాంటి చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే రైతులు సున్నం చల్లుతారు. బదిలీపై కొత్త ఊరు వెళ్లినప్పుడు మన అక్వేరియం చేపలనూ అక్కడి నీటికి కొద్దికొద్దిగా అలవాటు చేద్దాం.