చివరిచూపుకు 28 గంటలు

'అబ్బాయి ఎప్పటికి దిగుతాడంట?'

పల్నాడులో పిల్లలు అమెరికాలో ఉన్న ఇంట్లో పెద్దాయన కన్నుమూస్తే, పరామర్శకు వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే. ఫ్రీజర్ బాక్సు ఎంతసేపు ఉంచాలి, దహనం ఏ పూట, దూరపు చుట్టాలను ఎప్పటికి రమ్మనాలి... అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంతకీ డాలస్ ఎంత దూరం? గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం లాగి చూడండి. రెండూ దాదాపు భూమికి చెరోపక్కన ఉండటంతో దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. పొడవు సుమారు 14,400 కి.మీ. గంటకు 900 కి.మీ. చొప్పున 16 గంటలు. అంతదూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేవా అంటే, ఉన్నాయి. సింగపూర్-న్యూయార్క్ దూరం 15,300 కి.మీ. పైనే. హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిరిండియా నేరుగా షికాగోకు విమానం వేసింది. ఎక్కువకాలం నడవలేదు.

అందుకే ఏ దుబాయ్ మీదుగానో రావాలి. ఆ చుట్టుతిరుగుడుతో పెరిగేది వెయ్యి కిలోమీటర్ల చిల్లరే. డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలు (వెళ్లేటప్పుడైతే ఎదురుగాలికి మరో గంటకు పైనే). అక్కడ పడిగాపులు మూడున్నర గంటలు అనుకుందాం. శంషాబాద్‌కు మరో మూడున్నర. ఇమిగ్రేషన్, సామాన్లకు గంటన్నర. ఆపైన నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, దాచేపల్లి, పిడుగురాళ్ల దాటుకుని నరసరావుపేట చేరడానికి అయిదు గంటలు. మాచర్ల వాళ్లకు సాగర్ రోడ్డు కాస్త దగ్గర. మొత్తం 28 గంటలు!

గడియారం లెక్క ఇంకో తిరకాసు. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరిన విమానం ఎక్కినవాడు ఇంటి గడప తొక్కేసరికి ఆదివారం తెల్లవారుజాము మూడున్నర.

ఇదంతా టికెట్ చేతిలో పడ్డాకే. పాస్‌పోర్టులో వీసా గడువు దాటినవాళ్ల బెంగ వేరు. వస్తే, తిరిగి వెళ్లడానికి మళ్లీ స్టాంపింగ్ కావాలి. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుందో తెలీక, ఉద్యోగం ఏమవుతుందోనన్న భయంతో, వీడియోకాల్‌లోనే తండ్రికి దండం పెట్టుకునే కొడుకులూ ఉన్నారు.

వచ్చేవాళ్ల కోసం ఊళ్లో ఒకరు ఫోను పట్టుకుని కూర్చుంటారు. దుబాయ్ నుంచి శంషాబాద్ రెండున్నర వేల కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి పేట రెండువందల యాభై. మొదటిదానికి మూడున్నర గంటలు, రెండోదానికి అయిదు! అందుకే అబ్బాయి 'విమానం ఎక్కా' అని దుబాయ్ నుంచి మెసేజ్ పెట్టగానే నరసరావుపేటలో కారు కూడా కదలాలి.