పన్నులెక్క యెవరు వ్రాయవలెను?

ఇంటి జమాఖర్చులు పైసతో సహా వ్రాయగల మనము ఆదాయపు పన్ను పత్రమును చూడగానే వెనుదీయుట యేల?

మావారు ఉపాధ్యాయులు. 2023వ సంవత్సరమున ఆ పత్రమును రుసుము గైకొని వ్రాయు నొకరి కప్పగించితిమి. స్వగృహముననే యున్న మేము అద్దె చెల్లించినట్లు వ్రాసి, ఆయన కొంత సొమ్ము వాపసు తెప్పించెను. సంతసించితిమే కాని పత్రమును చదువమైతిమి. పిమ్మట తాఖీదు వచ్చెను; ఆ సొమ్మును వడ్డీతో మరల చెల్లించితిమి. వ్రాసిన దెవరైనను, పత్రము మావారి పేరిటిదే కదా!

ఇప్పుడు మేమిరువురము కూర్చుండి స్వయముగా దాఖలు చేయుచున్నాము. ఆదాయము 50 లక్షలు మించక, జీతమును బ్యాంకు వడ్డీయు మాత్రమే కలవారికి ‘సహజ్’ పత్రము చాలును. ప్రభుత్వపు వెబ్‌సైటున రుసుము లేదు. అంకెలు చాలవరకు ముందే నిండియుండును. వానిని జీతపు ధ్రువపత్రముతోను, బ్యాంకు పుస్తకముతోను సరిచూడవలెను. దాఖలైన 30 దినములలోపల ఆధార్ ఓటీపీతో ధ్రువీకరింపవలెను.

వ్యాపారము, ఇంటి విక్రయము, షేర్ల క్రయవిక్రయములు ఉన్నచో నిపుణుల నాశ్రయించుట వివేకమే. కాని మన మిచ్చు రుసుము వారి శ్రమకే. బాధ్యత మనయొద్దనే యుండును. ఎవరు వ్రాసినను, చదువక ధ్రువీకరింపవలదు.