కార్యాలయపు కంప్యూటరు: కొనుటయా, కూర్పించుటయా?

నగల విషయమున మన యిండ్లలో రెండు పద్ధతులు చిరకాలమునుండి నడచుచున్నవి. దుకాణమున సిద్ధముగా నున్న గొలుసును తూచి, తరుగును మజూరీని కలిపి సొమ్ము చెల్లించి తెచ్చుకొనుట యొకటి. బంగారము మనమే కొని, యెరిగిన కంసాలి చేతికిచ్చి, కోరిన రీతిని చేయించుకొనుట రెండవది. రెండవదానిలో కొంత సొమ్ము కలిసివచ్చునందురు గాని, వన్నె తెలిసినవారికే యది కలిసివచ్చును. చిన్న కార్యాలయమునకు తక్కువ వెలలో కంప్యూటరును సంపాదింపదలచినవారికిని సరిగా నిట్టి ప్రశ్నయే యెదురగుచున్నది. కంపెనీవారు బిగించి ముద్రవేసి పంపిన యంత్రమును కొనుటయా, విడిభాగములను కొని యొకరిచేత కూర్పించుకొనుటయా?

ఇది పురుషులు తేల్చుకొనవలసిన సంగతి యని పుట త్రిప్పివేయవలదని సోదరీమణులను వేడుచున్నాను. పచ్చళ్ల వ్యాపారము, కుట్టుపని, ట్యూషను, పొదుపు సంఘపు లెక్కలు, ఆడిటరుగారి కొరకు చేయు పద్దువ్రాత, వీనివలన నేడు మన యిండ్లలోని ముందుగదులనేకములు కార్యాలయములే యైనవి. ఆ యంత్రము ముందు దినమునకు ఆరు గంటలు కూర్చుండునది స్త్రీ. దానిని ఎంచువాడు మాత్రము తరచుగా మరిదియో, పొరుగింటి యింజనీరింగు విద్యార్థియో యగుచున్నాడు. అతని మనస్సు ఆటలమీద నుండును. గాజుతలుపును, లోపల రంగురంగుల దీపములును గల పెట్టెను ఎంచి, పద్దులు వ్రాయుటకు కావలసినదానిని మరచును. పద్దులకు దీపములేల?

అసలు విడిభాగములు తెచ్చి ఎవరైనను కంప్యూటరును కూర్పగలుగుట యెట్లు సాధ్యమైనదో తెలిసికొన్నచో తక్కిన విషయము సులభమగును. 1981 ఆగస్టులో ఐ.బి.యం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు, త్వరగా పని ముగించుటకై బజారులో దొరకు భాగములనే యెక్కువగా వాడినది. ప్రాసెసరు ఇంటెల్ వారిది, నడిపించు సాఫ్టువేరు మైక్రోసాఫ్టు వారిది. కావున ఇతరులును అట్టి భాగములనే కొని యట్టి యంత్రములనే చేయగలిగిరి. 1984లో మైకేల్ డెల్ అను విద్యార్థి టెక్సాసు విశ్వవిద్యాలయపు వసతిగదిలో ప్రారంభించిన వ్యాపారమే నేటి డెల్ కంపెనీ. 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అను కొలతలను ఏర్పరచిన పిమ్మట, ఒకరు చేసిన మదరుబోర్డు వేరొకరు చేసిన పెట్టెలో మరలతో సహా సరిపోవుట మామూలైనది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంగడి వెంబడి అంగడి తిరిగి భాగములు కొనుట యీ కొలతల వలననే సాధ్యమైనది. కూర్పు పని బ్రహ్మవిద్య కాదు. ఒక స్క్రూడ్రైవరును, రెండు గంటల యోపికయు చాలును. కష్టమంతయు ఎంపికలోను, ఆ తరువాతి సంవత్సరములలోను ఉన్నది.

కార్యాలయపు పని యనగా నేమి? ఉత్తరములు, పద్దుల పట్టికలు, బిల్లులు, జి.ఎస్.టి. దాఖలు, అప్పుడప్పుడు వీడియో సమావేశము. దీనికి గొప్ప ప్రాసెసరు అక్కరలేదు. ఇంటెల్ ఐ3 గాని, ఏ.ఎం.డి. వారి రైజెన్‌లో చిన్నది గాని చాలును. ర్యాము 8 జి.బి. తప్పనిసరి, 16 ఉన్నచో సుఖము. వేగము మనకు కంటికి కనిపించునట్లు చేయునది ఎస్.ఎస్.డి. తిరుగు పళ్లెములు గల పాత హార్డుడిస్కుతో మేలుకొనుటకు నిమిషములు పట్టు యంత్రము దీనితో క్షణములలో మేలుకొనును. చేత వేయి రూపాయలు మిగిలినచో ప్రాసెసరునకు గాక దీనికో, ర్యామునకో వెచ్చింపుడు. విడిభాగములు కొనువారు ఒక యక్షరమును మాత్రము కనిపెట్టి యుండవలెను. ఐ3-12100 అను ప్రాసెసరులో తెరపై బొమ్మను చూపు గ్రాఫిక్సు భాగము కలదు. చివర 'ఎఫ్' చేరిన ఐ3-12100ఎఫ్‌లో లేదు. రైజెన్‌లో దీనికి విపర్యయము: 5600జి లో కలదు, జి లేని 5600లో లేదు. వెల కొంత తక్కువయని యా లేనిదానిని కొన్నచో, గ్రాఫిక్సు కార్డును వేరుగా కొనవలసివచ్చి, మిగిలినదానికి మించి పోవును.

ఇక లెక్కకు వత్తము. ఒకే దినమున రెండు కొటేషనులు కాగితముపై వ్రాయించుకొని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. కూర్పు యంత్రమునకు గల చవుక యెక్కడనుండి వచ్చినదో తరచుగా నప్పుడే కనబడును: విండోసు లైసెన్సు వెల యందు వ్రాసియుండదు. కంపెనీ యంత్రములలో చాలవానికి ఆ వెల లోననే చేరియుండును; వారు లక్షలకొలదిగా కొందురు గనుక వారికది చవుక. మనము విడిగా కొన్నచో నది యించుమించుగా ప్రాసెసరుతో సరితూగును. కూర్చువాడు "అది నేనే వేసి పెట్టెదనండీ, డబ్బులక్కరలేదు" అనును. అట్లు లైసెన్సు లేక వేసిన సాఫ్టువేరును తెలిసియు వ్యాపారమున వాడుట 1957 నాటి కాపీరైటు చట్టములోని 63బి విభాగము క్రింద నేరము. ఏడు దినములకు తక్కువ గాకుండ మూడేండ్ల వరకు ఖైదును, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు నందు చెప్పబడినవి. శిక్ష మాట యటుండనిండు. దొంగ సాఫ్టువేరు వెంట దొంగ ప్రోగ్రాములును వచ్చును, బ్యాంకు పాస్‌వర్డును మనమా యంత్రమునందే కదా టైపు చేయుదుము.

దీనికి తోడు 2025 చివరి నెలలలో ర్యాము వెలలు మిక్కిలి పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టు పెద్ద డేటా కేంద్రములు మెమరీ చిప్పులను రాసులుగా కొనివేయుటయే దీనికి ముఖ్య కారణము. క్రూషియల్ అను పేరుతో సామాన్యులకు అమ్ము వ్యాపారమును విడిచిపెట్టుచున్నట్లు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించినది. అందువలన మూడేండ్ల క్రిందట తోటికోడలు కూర్పించుకొన్న వెలను పట్టుకొని నేడు బజారునకు పోవుట వ్యర్థము.

సొమ్ము నిజముగా చాలనివారికి న్యాయమైన మార్గము వేరే కలదు. ఉబుంటు వంటి లినక్సును, లిబ్రేఆఫీసును ఉచితముగా పొందవచ్చును. తెలుగు టైపు, ఉత్తరములు, పట్టికలు అన్నియు జరుగును. టాలీతో లెక్కలు వ్రాయువారు మాత్రము విండోసును విడువజాలరు. టాలీప్రైమ్ విండోసు కొరకే చేయబడినది. కనుక ఏ ప్రోగ్రాముతో పనియో మొదట తేల్చుకొని, పిదప యంత్రమును వెదకవలెను.

మా యూరిలో పాఠశాలలకు యూనిఫారములు కుట్టి యిచ్చు స్త్రీల బృందమొకటి కలదు. పండ్రెండుగురు. తమ కూలిలోనుండి నెలనెల తీసిపెట్టిన 38,000 రూపాయలతో 2023లో కంప్యూటరు కొనదలచిరి. కంపెనీ యంత్రమునకు మానిటరుతో కలిపి 42,000 అడిగిరి. తెలిసిన కుఱ్ఱవాడు 38,000 లోపలనే కూర్చి యిచ్చెను. ఒక యేడు చక్కగా నడచినది. మరు సంవత్సరము జూనులో, బడులు తెరచు దినములలో, ఉరుముల వానకు కరెంటు పలుమారులు పోయి వచ్చిన సాయంకాలమున యంత్రము మూగవోయెను. ఆనాటి తేదీ 17. వారు నెలనెల దాఖలు చేయు జి.ఎస్.టి. లెక్కకు గడువు 20. కూర్చిన కుఱ్ఱవాడు ఉద్యోగమునకై బెంగుళూరు పోయియుండెను. భాగములమ్మిన దుకాణమువారు, "మదరుబోర్డు చెడినది, మూడేండ్ల వారంటీ కలదు, మీరే సర్వీసు సెంటరునకు తీసికొనిపొండు" అనిరి. సర్వీసు సెంటరువారు, విద్యుత్తు హెచ్చి కాలినదానికి వారంటీ వర్తింపదనిరి. తరచి చూడగా, వెల తగ్గించుటకై ఎస్.ఎం.పి.ఎస్. పేరులేని నాసిరకముది వేసినట్లు తేలినది. గోడనుండి వచ్చు కరెంటును భాగములకు తగినట్లు మార్చి పంచు పెట్టె యది. 600 రూపాయల వస్తువు 6,000 రూపాయల బోర్డును తనతో తీసికొనిపోయెను. యు.పి.ఎస్. అసలే లేదు.

ఒక్క మేలు మాత్రము జరిగినది. లెక్కలున్న ఎస్.ఎస్.డి. చెడలేదు. దానిని విప్పి చిన్న తొడుగులో పెట్టి మా ల్యాప్‌టాపునకు తగిలించి, 19వ తేదీ రాత్రి పట్టికలను తీసికొని గడువులోపల దాఖలు చేసిరి. గడువు దాటినచో దినమునకు 50 రూపాయల ఆలస్య రుసుమును, పన్నుపై వడ్డీయు పడియుండెడివి. అంతకన్న ముఖ్యముగా, ఏ బడివారు ఎంత బాకీయో ఆ పట్టికలలోనే యుండెను. అవి పోయినచో పండ్రెండు కుటుంబముల వేసవి కూలి నోటి లెక్కయై పోయెడిది.

కుఱ్ఱవాడు మోసగాడు కాడు, దుకాణమువారు చెప్పినదియు అబద్ధము కాదు. ప్రతి భాగమునకును వేరువేరు వారంటీ యుండెను; మొత్తము యంత్రమునకు జవాబు చెప్పువాడు మాత్రము లేకుండెను. కంపెనీ యంత్రమునకు ఎక్కువగా నిచ్చు నాలుగు వేలు ఆ జవాబుకొరకే. అదియు ఊరక రాదు సుమా! ఇంటికే వచ్చి బాగుచేయు వారంటీయా, మనము మోసికొనిపోవలసినదా యని ముందే యడుగవలెను. మన పిన్‌కోడు చెప్పి, ఆ యూరికి మనిషి వచ్చునా యనియు నడుగవలెను. పట్టణమున మరునాడే వచ్చు మనిషి పల్లెకు వారమైనను రాకపోవచ్చును.

మూడవ మార్గమొకటి కలదు. మనవారు దానిని తగినంతగా తలపోయరు. పెద్ద కార్యాలయములు కొన్నియేండ్లు వాడి తీసివేసిన డెల్ ఆప్టిప్లెక్సు, లెనోవో థింక్‌సెంటర్ వంటి యంత్రములను శుభ్రపరచి, ఎస్.ఎస్.డి. మార్చి, కొంత వారంటీతో రీఫర్బిష్డు పేర అమ్ముదురు. చక్కగా నెంచినచో స్వల్ప ధనమునకు ఇంతకన్న మేలైనది లేదని నా యభిప్రాయము. ఎంచుటయందే చిక్కున్నది. విండోసు 10 నకు మైక్రోసాఫ్టు వారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 నకు టి.పి.ఎం. 2.0 కావలెను, ఇంటెల్ ప్రాసెసరులలో మొత్తముమీద 8వ తరము మొదలుగా మాత్రమే మైక్రోసాఫ్టు వారు ఒప్పుకొందురు. తరమును పేరులోనే చదువవచ్చును: ఐ5-6500 ఆరవ తరము, ఐ5-8500 ఎనిమిదవది, ఐ5-10500 పదియవది. అంగట "ఐ5 యండీ, పదియారు జి.బి. యండీ" అని యూరించుచు ఆరవ తరముదానిని అంటగట్టువారు కలరు. గీత తరువాతి యంకెను చదువక సొమ్ము తీయవలదు.

అట్లయిన కూర్పించుట యెవరికి తగును? ఇంట విప్పి బిగింప నేర్చినవారుండి, వారు ఊరు విడిచిపోవువారు కానిచో తప్పక తగును. ఆ నేర్చినది మీ కుమార్తెయైనచో మరియు మేలు. చిన్నదానితో ప్రారంభించి యేటేట ర్యాము, డిస్కు హెచ్చించుకొనదలచువారికిని తగును. కొన్ని కంపెనీ యంత్రములలో ఎస్.ఎం.పి.ఎస్., మదరుబోర్డు తమకే ప్రత్యేకమైన కొలతలతో నుండును. వారంటీ తీరిన పిమ్మట చెడినచో బజారు వస్తువు సరిపోదు. కూర్పు యంత్రమున కా బాధ లేదు. కూర్పించువారు పెట్టె యందమున సొమ్ము మిగుల్చుకొని, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రము పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు గలది వేయించవలెను. ఒక్క యంత్రము, నెలనెల తప్పని గడువులు, ఇంట నేర్చినవారు లేరు, ఇదియే మీ స్థితియైనచో మాత్రము నేను కొనుమనియే చెప్పుదును.

ఏది తెచ్చినను యు.పి.ఎస్. వెలను మొదటి లెక్కలోనే వేసికొనుడు. ఇట్టి యంత్రమునకు 600 వి.ఏ. ది చాలును. జి.ఎస్.టి. నమోదు గలవారు తమ నంబరుతో బిల్లు వ్రాయించుకొన్నచో, వ్యాపారమునకు కొన్న యంత్రముపై చెల్లించిన 18 శాతము పన్నును జమ చేసికొనవచ్చును. బిల్లుపై ప్రతి వస్తువు క్రమసంఖ్యయు నుండవలెను. యంత్రము ఇల్లు చేరిన దినముననే తెరచి, సెట్టింగులలో ప్రాసెసరు పేరు, ర్యాము, విండోసు యాక్టివేషను బిల్లుతో సరిపోవుచున్నవో లేదో చూచి, తేడా యున్నచో ఆనాడే తిరిగి పంపుడు. మొదటి వారముననే ఒక బయటి డ్రైవును కొని, శనివారము శనివారము లెక్కలను దానిలోనికి నకలు తీసి, డ్రైవును యంత్రమునకు తగిలించియే యుంచక, తీసి బీరువాలో పెట్టుడు.