మారియో మెల్లగా ఎందుకు నడవడు?

సూపర్ మారియో 64లో ఒకచోట పిరానా మొక్కలు జోలపాట వింటూ నిద్రపోతుంటాయి. మునివేళ్ళ మీద నడిచి వెళ్తే వాటి పని పట్టవచ్చు. పరుగెత్తామా, లేచి కరుస్తాయి. 1996లో నింటెండో 64 కన్సోల్‌తో పాటే వచ్చిన ఆట ఇది. ఇవాళ కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుని ఆడేవాళ్ళలో కొందరికి ఆ మునివేళ్ళ నడక ఎంతకీ చేతికి రాదు. స్టిక్ కాస్త వంచగానే మారియో పరుగు లంకించుకుంటాడు. కంట్రోలర్ పాడైందేమోనని కొత్తది కొన్నా అదే తంతు. నిజానికి పాడైనదేమీ లేదు, పాత కొలతకీ కొత్త కొలతకీ పొంతన కుదరలేదంతే.

పాత కన్సోల్‌లోని చిప్‌లు చేసే పనంతా తానే చేసి చూపే ప్రోగ్రామ్ ఎమ్యులేటర్. అందులో నడుస్తున్న ఆటకు మీ చేతిలో ఉన్న కంట్రోలర్ ఏమిటో తెలియదు. ఎదురుగా ఉన్నది ఆనాటి కంట్రోలరే అనుకుంటుంది, ఆనాటి అంకెల కోసమే చూస్తుంది. ఆ అంకెలు ఎంతెంత? నింటెండో 64 స్టిక్ అడ్డానికొకటి, నిలువుకొకటి చొప్పున 8 బిట్ల సంఖ్య పంపుతుంది. లెక్కప్రకారం ఒక వైపుకి 127 దాకా వెళ్ళవచ్చు గానీ, అసలు స్టిక్ చివరంటా వంచినా 80, 85 దగ్గరే ఆగిపోయేది. ఆటలు రాసినవాళ్ళు ఆ 80ని మనసులో పెట్టుకునే రాశారు. మారియోకైతే 70 అందితే చాలు, పూర్తి వేగం వచ్చేస్తుంది.

ఇప్పటి ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్ పంపే సంఖ్య 32,767 దాకా వెళ్తుంది. ఎమ్యులేటర్ దాన్ని నేరుగా 127కి కుదిస్తే, స్టిక్ 55 శాతం వంగేసరికే 70 వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంత వంచినా తేడా ఉండదు. నడకకు దొరకాల్సిన జాగా చాలా మేర కరిగిపోయినట్టే. సెట్టింగుల్లో రేంజ్ అనే గడి ఉంటే దాన్ని 63 శాతం చుట్టుపక్కలకి దించండి. 127లో 63 శాతం అంటే 80. మారియో కుదురుగా నడవడం మొదలుపెడతాడు.

రెండో చిక్కు డెడ్ జోన్‌ది. దీని వెనుక ఇంజనీరింగ్ నాకు చాలా ఇష్టం. నింటెండో 64 స్టిక్ కింద గాడులున్న రెండు చిన్న చక్రాలు తిరుగుతాయి. గాడుల్లోంచి వెలుతురు ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టి, స్టిక్ ఎంత కదిలిందో తేలుస్తారు. కదలిక తెలుస్తుంది గానీ అసలు చోటు తెలియదు. అందుకే కన్సోల్ ఆన్ చేసినప్పుడు స్టిక్ ఎక్కడుంటే అదే సున్నా. తేడా వస్తే ఎల్, ఆర్, స్టార్ట్ మూడూ కలిపి నొక్కి సున్నాను మళ్ళీ నిలబెట్టేవారు. ఇప్పటి కంట్రోలర్లలో ఎక్కువగా ఉండేది కార్బన్ పట్టీ మీద జారే పొటెన్షియోమీటర్. అది వోల్టేజీని బట్టి చోటు చెబుతుంది. పట్టీ అరిగేకొద్దీ ఆ చోటు తప్పుగా చెబుతుంది, వేలు తీసేసినా మారియో పక్కకి జరిగిపోతాడు. దీనికి విరుగుడుగా నడిమధ్యన కొంత మేర కదలికను పట్టించుకోకుండా వదిలేస్తారు. అదే డెడ్ జోన్.

విండోస్ ప్రోగ్రాములు కంట్రోలర్‌ని చదివేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పద్ధతి ఎక్స్‌ఇన్‌పుట్. అందులో ఎడమ స్టిక్‌కి సూచించిన డెడ్ జోన్ 7,849. మొత్తంలో దాదాపు 24 శాతం. కొన్ని ప్రోగ్రాములు ఈ అంచు దాటగానే మళ్ళీ సున్నా నుంచి లెక్క మొదలుపెడతాయి, అప్పుడు ఇబ్బంది లేదు. అలా చేయని చోట అంకె సున్నా నుంచి ఒక్క దూకులో 19కి చేరుతుంది, మెల్లని నడకంతా ఆ గంతులోనే పోతుంది. పైగా మారియో ఆటలోనే సొంత డెడ్ జోన్ ఉంది, 8 కంటే తక్కువ అంకెను అది లెక్కచేయదు. కాబట్టి ఎమ్యులేటర్‌లో డెడ్ జోన్‌ని ముందు సున్నా చేయండి. స్టిక్ వదిలేసినా మారియో కదులుతుంటే, ఆగేంతవరకే కొద్దికొద్దిగా పెంచండి.

కంట్రోలర్ అసలు స్పందించకపోతే మాత్రం సెట్టింగులన్నీ ఒకేసారి కెలకడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఇంట్లో బల్బు వెలగనప్పుడు టెస్టర్ పట్టుకుని మీటరు దగ్గర నుంచి హోల్డర్ దాకా చూసుకుంటూ వస్తాం కదా, ఇక్కడా అదే పద్ధతి. విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొడితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో మీ కంట్రోలర్ ప్రాపర్టీస్ తెరిచి బటన్లు నొక్కినప్పుడు అవి తెర మీద వెలిగితే కేబుల్, డ్రైవర్ బాగున్నట్టే. అప్పుడు ఎమ్యులేటర్‌లో కంట్రోలర్ ఒకటో పోర్టుకే తగిలి ఉందా, రెండో ఆటగాడి కింద పడిందా చూడాలి. వెనకాల స్టీమ్ అనే ఆటల దుకాణం ప్రోగ్రామ్ నడుస్తుంటే దాన్ని మూసి చూడండి. అది తన తరఫున ఇంకో ఉత్తుత్తి కంట్రోలర్‌ని చూపిస్తే ఒక్క నొక్కుడు రెండుగా పడవచ్చు.

ప్లేస్టేషన్ ఆటల్లో బటన్లు పనిచేస్తూ స్టిక్ ఒక్కటే చచ్చుబడి ఉంటే, ఎనలాగ్ మోడ్ ఆన్ చేయలేదేమో చూడాలి. స్టిక్‌లున్న డ్యుయల్‌షాక్ కంట్రోలర్ వచ్చింది 1997లో. అంతకుముందు ఆటలకు స్టిక్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, వాటికి డిజిటల్ ప్యాడ్ ఎంచుకోవాలి. కారు పందేల్లో యాక్సిలరేటర్, బ్రేకు కలిపి నొక్కితే రెండూ లేనట్టయితే పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతి నుంచి ఎక్స్‌ఇన్‌పుట్‌కి మారండి. ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌లోని రెండు ట్రిగ్గర్లనూ పాత పద్ధతి ఒకే అక్షం మీద చూపిస్తుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

కంట్రోలర్ లేకుండా ఆడేవాళ్ళ చిక్కు వేరు. 1990లలో మన బజార్లలో టీవీ గేమ్ పేరుతో అమ్మిన పెట్టెలు చాలావరకు నింటెండో పాత కన్సోల్ ఫ్యామికామ్‌కి నకళ్ళే. వాటి మీద కాంట్రా ఆడిన తరం ఇప్పుడు ల్యాప్‌టాప్ కీబోర్డు మీద అదే ఆట ఆడుతూ, ఏటవాలుగా కాలుస్తూ ఎగరబోతే ఎగరడం లేదంటుంది. కీబోర్డులో తీగలు అడ్డంగా, నిలువుగా అల్లి ఉంటాయి. కొన్ని మీటలు మూడు కలిస్తే ఏది నొక్కారో తేల్చలేక ఒకదాన్ని వదిలేస్తుంది. ఎగరడాన్నో కాల్చడాన్నో షిఫ్ట్‌కో కంట్రోల్‌కో మార్చి చూడండి. చాలా కీబోర్డుల్లో ఆ మీటలకు ఈ బెడద ఉండదు.