చేతులు మారాలంటే 45 రోజులు

దక్షిణ ఢిల్లీలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉంటుంది మునిర్కా బస్టాపు. జేఎన్‌యూకి కూతవేటు దూరం. 2012 డిసెంబరు 16 రాత్రి, సాకేత్‌లో సినిమా చూసి స్నేహితుడితో ఇంటికి బయల్దేరిన ఫిజియోథెరపీ విద్యార్థిని ఒక తెల్ల బస్సు ఎక్కింది ఇక్కడే. ఆ బస్సులోనే సామూహిక అత్యాచారానికి గురై, పదమూడు రోజులకు సింగపూర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. దేశం ఆమెను నిర్భయ అని పిలుచుకుంది.

ఆ తర్వాత రాజధానిలో ఆడవాళ్లు తుపాకీ లైసెన్సు ఎలా వస్తుందని ఆరా తీయడం మొదలుపెట్టారు. 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ రివాల్వరు తెచ్చింది. .32 బోరు, సుమారు అరకిలో బరువు, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాటే. రాత్రివేళ బస్సు కోసం ఎదురుచూసే అమ్మాయికి అది అందే ధరేనా? భద్రమైన బస్సు నడపలేని సర్కారు రివాల్వరు అమ్మజూపింది!

డబ్బున్నంత మాత్రాన అది చేతికి రాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టగానే లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గరి ఠాణా నుంచి నివేదిక తెప్పించుకోవాలి. పాస్‌పోర్టుకు జరిగే పోలీసు వెరిఫికేషన్‌కు ఇది పెద్దన్న. 21 ఏళ్లు నిండనివారికి, హింసాత్మక నేరంలో జైలుశిక్ష అనుభవించి ఐదేళ్లు గడవనివారికి తుపాకీ నిషిద్ధం. ఢిల్లీ, హైదరాబాద్‌లలో పోలీసు శాఖ, జిల్లాల్లో కలెక్టరు లైసెన్సు ఇస్తారు.

ఎవరూ పెద్దగా చదవని కిటుకు 5వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సున్న వ్యక్తి తన సొంత తుపాకీని లైసెన్సున్న మరొకరికి అమ్ముకోవచ్చు. కానీ కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి ఠాణా అధికారికో ముందుగా రాసివ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. పాత స్కూటరు అమ్మినట్టు సాయంత్రానికల్లా తాళాలు చేతిలో పెట్టడం కుదరదు.

అమెరికాలో కొట్లాటంతా సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. 1993 నాటి బ్రేడీ చట్టం లైసెన్సున్న డీలర్ల కొట్లలో కొనేవారికే నేపథ్య తనిఖీ తప్పనిసరి చేసింది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య బేరాన్ని ఫెడరల్ చట్టం వదిలేసింది. ఆ కంతను కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో పూడ్చుకున్నాయి, టెక్సస్ పూడ్చలేదు. 2019 ఆగస్టు 31న అక్కడి మిడ్‌లాండ్, ఒడెస్సాలలో ఏడుగురిని కాల్చి చంపినవాడు 2014లో కొట్లో తనిఖీ తప్పాడు. తర్వాత ప్రైవేటుగా కొనుక్కున్నాడు. అమ్మినవాడికి, లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినందుకు, రెండేళ్ల జైలు పడింది. అదే రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల పిల్లల్ని బడికి పంపే తెలుగు తల్లిదండ్రులకు ఇది పరాయి కథ కాదు.

అలాగని మనం జబ్బలు చరుచుకోనక్కర్లేదు. మన దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సులేని ఆయుధాలతోనే జరుగుతున్నాయి. ఉత్తరాదిలో ‘కట్టా’ అనే నాటు తుపాకీకి దరఖాస్తూ లేదు, 45 రోజులూ లేవు. 2019 సవరణ అక్రమ ఆయుధాలకు శిక్షలు పెంచింది. ఒక్కొక్కరికి అనుమతించే తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించింది. కట్టా కొనేవాడు ఆ లెక్కలోకే రాడు.

మీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండి, అమ్మే ఆలోచన ఉంటే ముందు ఠాణాకు ఉత్తరం రాయండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. 45 రోజుల లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.