చేయి వణుకుతోందా? మెదడుకూ పని చెప్పండి

కొందరు పెద్దవాళ్ళకు ఊరికే కూర్చున్నప్పుడు చేయి వణుకుతుంది. నడక నెమ్మదిస్తుంది. ఒళ్ళు బిగుసుకుపోతుంది. రాత చిన్నదైపోతుంది. ఇది పార్కిన్సన్ జబ్బు కావచ్చు. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి రాశాడు. అందుకే ఆ పేరు వచ్చింది.

ఈ జబ్బులో ఏం జరుగుతుంది?

మన మెదడు లోపల నల్లగా ఉండే చిన్న భాగం ఒకటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. కాలూ చేయీ సాఫీగా కదలాలంటే అది కావాలి. ఆ కణాలు చచ్చిపోతే డోపమిన్ తగ్గుతుంది. కదలికే కాదు, కొందరికి ఆలోచన కూడా నెమ్మదిస్తుంది. ఏ పని ముందో, ఏది తరవాతో తోచదు. ఇది బద్ధకం కాదు. గాలీ ధూళీ కాదు. అంటుజబ్బు అంతకన్నా కాదు.

మనం ఏం చేయాలి?

నరాల డాక్టరుకు చూపించాలి. లెవోడోపా అనే మందు మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది. డాక్టరు రాసిన మాత్రలు వేళకు వేయాలి. మనంతట మనం మానెయ్యకూడదు.

మెదడుకు రోజూ పని పెట్టాలి. వామనగుంటలు, పులిజూదం ఆడించండి. సంతలో ఏమేం కొనాలో చెప్పమనండి. చిల్లర లెక్కపెట్టించండి. వీటితో జబ్బు పోదు. కానీ ఇలాంటి సాధన వల్ల కొందరికి ధ్యాస, జ్ఞాపకం కాస్త మెరుగవుతాయి.

అక్కా! మీకు ఇప్పుడు అక్షరాలు వచ్చు. మీ ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళ పక్కన కూర్చోండి. గీతల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాయించండి. జవాబు ఆలస్యమైతే కసరకండి. కాసేపు ఆగండి. వాళ్ళే చెబుతారు.